ఆ గరిటె విడిగా పెట్టండి

ఆంటారియో రాష్ట్రంలోని మన లండన్‌లో భారతీయ హోటళ్ళు నడుపుతున్నవారికీ, వాటిలో వండుతున్న మాస్టర్లకూ, గుళ్ళలోనూ పండుగ విందుల్లోనూ వందల మందికి వండి వడ్డిస్తున్న తెలుగువారికీ నమస్కారం.

మా అమ్మాయికి సీలియాక్ జబ్బు ఉంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కడుపులో పడితే మా అమ్మాయి ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. తిన్నది ఒంటబట్టదు. రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. దీనికి ఇప్పటికీ మందు లేదు. బతికినన్నాళ్ళూ గ్లూటెన్ మానెయ్యడమే వైద్యం. కెనడాలో ఇంచుమించు నూటికొకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. అంటే మీరు మూడువందల మందికి విందు పెట్టినప్పుడు ఆ బంతిలో ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు, తమకు ఉందని తెలియనివారితో కలిపి.

ఎంత తింటే ప్రమాదం అని మీరు అడగవచ్చు. ఒక బ్రెడ్ ముక్కలో రెండు గ్రాములకు పైగా గ్లూటెన్ ఉంటుంది. రోజూ యాభై మిల్లీగ్రాములు లోపలికి పోతే పేగు దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. ఆ బ్రెడ్ ముక్కను నలభై తునకలు చేస్తే అందులో ఒక తునక చాలన్నమాట. కెనడాలో ఒక పాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. భారతదేశంలోనూ అదే కొలత. "కొంచెమే కదండీ, ఏం కాదు" అన్న మాటను మేము నమ్మలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన వంటను ఒక్కసారి తలుచుకోండి. ఇడ్లీ అంటే బియ్యం, మినప్పప్పు. పెసరట్టు అంటే పెసలు, అల్లం, పచ్చిమిర్చి. పులిహోర, దద్దోజనం, ముద్దపప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, పెరుగు. రాయలసీమ రాగిసంగటి, తెలంగాణ జొన్నరొట్టె, సర్వపిండి, ఆత్రేయపురం పూతరేకులు, సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు. వీటిలో దేనికీ గోధుమ గింజతో పనిలేదు. ఇటాలియన్ హోటల్లో గ్లూటెన్ లేకుండా వండాలంటే పాస్తా దగ్గర్నుంచి పిజ్జా దాకా దినుసులే మార్చుకోవాలి. మన వంటల్లో చాలావాటికి ఆ అవసరం లేదు. అయినా ఈ ఊళ్ళో మా అమ్మాయికి విడి పెనం మీద కాల్చిన బర్గరు దొరుకుతోంది గానీ, మనవాళ్ళ హోటల్లో ఇడ్లీ సాంబారు దొరకడం లేదు. నా బాధంతా అదే.

ఎందుకు దొరకదంటే ఇంగువ వల్ల. ఇంగువ అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క వేరునుంచి కారే బంక. ఉన్నదున్నట్టు వాడలేనంత ఘాటు కాబట్టి దాన్ని తుమ్మబంకతో, పిండితో కలిపి అమ్ముతారు. మన కొట్లలో దొరికే ఇంగువ డబ్బాల్లో చాలావాటిలో ఆ పిండి గోధుమదే. డబ్బా వెనక అచ్చువేసే ఉంటుంది. తాలింపులో చిటికెడు వేసే దినుసులో ధాన్యం ఉంటుందని ఎవరికీ తోచదు కాబట్టి ఎవరూ చదవరు. పప్పు, చారు, సాంబారు, పులిహోర, మజ్జిగ పులుసు, కొన్ని పొడులు, జంతికలు, అప్పడాలు, అన్నిట్లోనూ అదే ఇంగువ. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా అమ్ముతున్నారు. చిటికెడు చొప్పున వాడే సరుకు, ధరలో తేడా ఉన్నా మీ నెల ఖర్చులో కనిపించదు. ఆ ఒక్క డబ్బా మార్చండి చాలు, మీ మెనూలో సగం వంటకాలు మా పిల్లల దగ్గరికి వచ్చేస్తాయి.

మిగతా సగానికి అడ్డం పెనం, నూనె, గరిటె. మసాలా దోసె వేసే పెనం మీదే రవ్వదోసె వేస్తారు, అందులో బొంబాయిరవ్వా మైదా రెండూ ఉంటాయి. మామూలు దోసెపిండిలోనే కరకరలాడాలని గుప్పెడు మైదా కలిపే మాస్టర్లున్నారు. ఆ సంగతి ఆర్డర్ రాసుకునే అబ్బాయికి తెలియదు. గారె మినప్పప్పుదే, కానీ సమోసాలు వేగిన నూనెలో వేగుతుంది. మిరపకాయ బజ్జీకి శనగపిండే, కానీ అదే మూకుట్లో అంతకుముందు పూరీలు తేలాయి. నూనె మరిగితే అన్నీ పోతాయన్నది మనలో చాలామంది నమ్మకం. క్రిములైతే చచ్చిపోతాయి. గ్లూటెన్ ప్రొటీన్ కాబట్టి అందులోనే ఉండిపోతుంది. గోబీ మంచూరియాలో మైదాతో పాటు సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. తందూరీ చికెన్ మసాలాలో ఏ దోషమూ లేకపోయినా అదే పొయ్యి గోడలకు నాన్లు అతుక్కుని కాలుతుంటాయి.

బిర్యానీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మా అమ్మాయి మొదట అడిగేది అదే. బియ్యం, మాంసం, పెరుగు, మసాలా దినుసులు. ఇందులో భయపడాల్సింది ఏముంది అనిపిస్తుంది. కానీ దమ్ పెట్టేటప్పుడు మూత చుట్టూ అంటించే ముద్ద గోధుమపిండిది. పైన చల్లే ఉల్లిపాయలు మీరే కోసి వేయించినవైతే ఫర్వాలేదు. పాకెట్లలో వచ్చే వేయించిన ఉల్లిపాయలకు చాలావరకు గోధుమపిండి పట్టిస్తారు. ముద్దకు బదులు బరువైన మూత, రేకు కాగితం పెట్టి దమ్ చేసే మాస్టర్లూ ఉన్నారు, వాసన ఏమీ తగ్గదు. ఉల్లిపాయలు మీ వంటింట్లోనే వేయించుకుంటే బిర్యానీ మొత్తం మా అమ్మాయిదవుతుంది. హలీం మాత్రం గోధుమలతోనే ఉడికేది, దాన్ని మార్చమని నేనడగను.

బార్లీ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. మన లండన్‌లో లబాట్ కంపెనీ 1847 నుంచి బార్లీతో బీరు కాస్తోంది. డండాస్ వీధిలో కెలాగ్స్ ఫ్యాక్టరీ 2014లో మూతపడి, ఇప్పుడు ఆ భవనాలు 100 కెలాగ్ లేన్ అనే వినోద కేంద్రమయ్యాయి. ఇన్నేళ్ళూ మన పిల్లలు పొద్దున్నే తింటూ వచ్చిన ఆ కంపెనీ కార్న్‌ఫ్లేక్స్‌లో రుచికోసం బార్లీ మాల్ట్ వేస్తారు. పేరులో మొక్కజొన్న ఉంది కదా అని సీలియాక్ ఉన్నవారు తినడానికి వీల్లేదు. హార్లిక్స్ కూడా అంతే. బలానికి మంచిదని మనం చిన్నప్పటి నుంచి తాగినది బార్లీ, గోధుమలతో చేసినదే.

పాకెట్ సరుకుల విషయంలో కెనడా ప్రభుత్వం మాకు అండగా ఉంది. 2012 ఆగస్టు 4 నుంచి గ్లూటెన్ ఉన్న ధాన్యమేదైనా సరే పాకెట్ మీద పేరుపెట్టి చెప్పి తీరాలి. హోటల్ పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి అలాంటి చట్టం లేదు. ఇరవై లేదా అంతకుమించి శాఖలున్న హోటళ్ళు మెనూలో క్యాలరీలు చూపాలని 2015లో ఆంటారియో శాసనం చేసింది, 2017 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. పళ్ళెంలో ఎన్ని క్యాలరీలున్నాయో రాయాలి గానీ గోధుమ ఉందో లేదో రాయనక్కర్లేదు. హెల్త్ యూనిట్ వారు వచ్చి చూసేది వంటశాల శుభ్రత. కాబట్టి మా అమ్మాయి ఆరోగ్యం చివరికి మీ నోటిమాట మీద ఆధారపడి ఉంది.

ఆ మాట గురించే నా మొదటి విన్నపం. ఒక హోటల్లో అడిగీ అడగకముందే "ఫుల్ గ్లూటెన్ ఫ్రీ మేడమ్, మీరేం వర్రీ అవకండి" అన్నారు. లోపలికి వెళ్ళి ఎవర్నీ అడగలేదు. ఆ రాత్రంతా పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది, తర్వాత రెండు రోజులు బడికి వెళ్ళలేదు. ఇంకో హోటల్లో మాస్టరుగారే చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "అమ్మా, ఇవాళ సాంబారులో ఏ ఇంగువ పడిందో నాకు తెలీదు, అది వద్దు. కడిగిన గిన్నెలో కాసింత పప్పు ఉడికించి, వెల్లుల్లి తాలింపు పెట్టి ఇస్తాను, పాపకు అన్నంలో కలిపి పెట్టండి. పావుగంట ఆగగలరా?" అని అడిగారు. ఆ పప్పన్నం పిల్ల ఎంత ఇష్టంగా తిన్నదో నేను చెప్పలేను. ఆ రోజు నుంచి మా ఇంటికి చుట్టాలొస్తే అక్కడికే తీసుకెళ్తున్నాం. తెలియదని చెప్పడం మర్యాద తక్కువని అనుకోకండి. మాలాంటివాళ్ళకు మీరు చేయగల పెద్ద మర్యాద అదే.

మీలో కొందరు నమ్మకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు. సన్నబడటానికి గోధుమ మానేసినవాళ్ళు వచ్చి గ్లూటెన్ ఫ్రీ కావాలంటారు, చివర్లో గులాబ్‌జామ్ తెప్పించుకుంటారు. అది చూసిన మాస్టరుకు తర్వాత వచ్చే మేము కూడా అలాగే కనిపిస్తాం. దానికి తోడు, ఇది మనవాళ్ళ జబ్బు కాదన్న అభిప్రాయం ఉంది. అందులో కొంత నిజముంది, దాని వెనక కథ తెలుసుకోవాలి. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో భారతదేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పరీక్షించారు. ఉత్తరాదిలో దాదాపు నూటికొకరికి సీలియాక్ కనిపిస్తే దక్షిణాదిలో దాదాపు పదివేలకొకరికి కనిపించింది. ఈ జబ్బుకు వీలు కల్పించే జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిలో మనిషి రోజుకు 450 గ్రాముల దాకా గోధుమ తింటుంటే దక్షిణాదిలో తినేది పాతిక గ్రాములు. మరి మనం ఇక్కడికి వచ్చాక ఏం తింటున్నాం? పొద్దున బ్రెడ్, మధ్యాహ్నం శాండ్‌విచ్, రాత్రి చపాతీ, శుక్రవారం పిజ్జా. ఎంత ఐరన్ మాత్ర మింగినా రక్తం పెరగనివాళ్ళు, కారణం తెలియకుండా నీరసించిపోయేవాళ్ళు మన మధ్య ఉంటే ఒకసారి డాక్టరుతో ఈ పేరు ఎత్తమని నా మనవి. పరీక్షలన్నీ అయ్యేదాకా గోధుమ మానకండి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడదు. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి.

గోధుమకూ ఈ జబ్బుకూ ముడి ఉందని పట్టుకున్నది విల్లెం డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. ఆయనకు ఆ అనుమానం ముందునుంచే ఉంది. 1944-45 శీతాకాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువు వచ్చి, జనం తులిప్ దుంపలు తిని బతికారు. రొట్టె దొరకని ఆ రోజుల్లో సీలియాక్ ఉన్న పిల్లల జబ్బు తగ్గుముఖం పట్టింది, రొట్టె తిరిగి రాగానే తిరగబెట్టింది. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో అది నిరూపించాడు. మన లండన్‌కు కూడా ఇలాంటి చరిత్రే ఉంది. 1920 అక్టోబరు 31 తెల్లవారుజామున అడిలైడ్ వీధిలోని తన ఇంట్లో ఫ్రెడరిక్ బాంటింగ్‌కు వచ్చిన ఆలోచన ఇన్సులిన్‌కు దారితీసింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, దాని ముందు 1989లో వెలిగించిన ఆశాజ్యోతి ఇంకా వెలుగుతోంది. మా అమ్మాయి జబ్బుకు అలాంటి మందు ఇంకా రాలేదు. వచ్చేదాకా మందు మీ చేతిలోని గిన్నె, నా చేతిలోని గిన్నె.

నా చేతిలోని గిన్నె గురించి చెప్పాలంటే, ఇంట్లో వండటం అనుకున్నంత కష్టం కాలేదు. మా నాయనమ్మ వండినట్టు వండటమే చాలావరకు సరిపోయింది. ఉప్మా బియ్యపు నూకతో చేస్తాను. జొన్నపిండిని మరిగే నీళ్ళతో కలిపి, వేడి మీదే మర్దించి రొట్టె తడతాను. పండక్కి బూరెలు పోయడానికి బియ్యం, మినప్పప్పు రుబ్బిన తోపే వాడతాను, మైదా దగ్గరికి పోను. పెనం, మిక్సీ జార్, చిల్లుల గిన్నె, చెక్క గరిటెలు పాపవి వేరుగా ఉన్నాయి, మిగతావన్నీ శుభ్రంగా తోమితే చాలు. జాగ్రత్త పడాల్సింది పిండి దగ్గర. జొన్నపిండిలో, రాగిపిండిలో, శనగపిండిలో సహజంగా గ్లూటెన్ లేకపోయినా, గోధుమ ఆడిన మరలోనే అవీ ఆడితే కలిసిపోతుంది. హెల్త్ కెనడా పరిశోధకులు ఇలాంటి పిండ్లు వందల నమూనాలు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు పదింట ఒకదానిలో గ్లూటెన్ పరిమితి దాటింది. అందుకని నేను పాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉంటేనే పిండి కొంటాను, లేకపోతే గింజలు కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే పట్టుకుంటాను. పప్పులకూ ఈ ఏరడం ఉంది. కెనడా ఎర్రపప్పులో అధికభాగం సస్కాచెవన్‌లో పండుతుంది. అక్కడ పప్పుధాన్యాలూ గోధుమా ఒకే పొలంలో పంట మార్చి వేస్తారు కాబట్టి పాకెట్‌లో అక్కడక్కడా గోధుమ, బార్లీ గింజ తగులుతుంది. చేట ముందుపెట్టుకుని పప్పు ఏరడం మన అమ్మలు మానేశారు, నేను మళ్ళీ మొదలుపెట్టాను.

ఇదే జబ్బున్న ఇంటివారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్‌కూ మామూలు బ్రెడ్‌కూ మధ్య ధర తేడాను కెనడా పన్ను లెక్కల్లో వైద్యఖర్చు కింద చూపించుకోవచ్చు. డాక్టరు ఉత్తరం, రసీదులు దాచుకోండి.

ఇక గుడి గురించి, వ్రతాల గురించి. ఇది రాయడానికి నాకు మనసు బరువెక్కుతోంది. ఎవరింట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా ప్రసాదం గోధుమరవ్వతోనే. అన్నవరం కొండ మీద ఆకులో కట్టి ఇచ్చే ప్రసాదం రుచి ఎరిగినవాళ్ళం, మనకు అదే వ్రతం గుర్తు. మా అమ్మాయి దోసిలి పట్టి ప్రసాదం తీసుకుని, కళ్ళకద్దుకుని, నా చేతిలో పెట్టేస్తుంది. పక్కనున్న పెద్దావిడ ఊరుకోరు. "ప్రసాదం కాదనకూడదు తల్లీ, దేవుడిదేం చెయ్యదు" అంటారు. ఆవిడ ప్రేమతోనే అంటారు. పిల్ల తల దించుకుంటుంది. వ్రతకథ మొదటి అధ్యాయాన్ని ఒకసారి శ్రద్ధగా వినమని పెద్దలందరికీ నా ప్రార్థన. నైవేద్యానికి అరటిపండ్లు, నెయ్యి, పాలు, గోధుమపిండి చెప్పి, గోధుమ లేనప్పుడు బియ్యప్పిండి వాడవచ్చని ఆ కథలోనే ఉంది. స్వామి ఒప్పుకున్న బియ్యప్పిండిని మనం ఎందుకు మరిచిపోయాం? పంతులుగారూ, మీరు ఒక్క మాట పీట మీద నుంచి చెప్తే చాలు, ఏ ఇల్లాలూ కాదనదు. రెండు గిన్నెల్లో చేయలేమంటే వడపప్పు, పానకం, అరటిపండు పక్కన పెట్టండి. పిల్లకు చేతిలో ప్రసాదం ఉంటుంది, నోట్లోనూ పడుతుంది.

విందుల్లో నేను కోరేది పెద్ద ఏర్పాటేమీ కాదు. ప్రతి గిన్నె ముందూ గోధుమ ఉందో లేదో, ఏ ఇంగువ వేశారో ఒక చీటీ మీద రాయండి. బుఫేలో పులిహోర గరిటె తీసి సేమ్యా పాయసంలో పెట్టేసేది మనమే, వడ్డించుకునే తొందరలో. ఆ గరిటె విడిగా పెట్టండి, దగ్గర ఒకరు నిలబడండి. అందరికన్నా ముందు, గిన్నెల మూతలు తీసీ తీయగానే, ఈ జబ్బున్నవారికి వడ్డించండి. గారెలు, బజ్జీలు కొత్త నూనెలో ముందు వేయించి, పూరీలు తర్వాత దించండి. హోటల్ యజమానులు ఇంగువ డబ్బా మార్చి, ఒక చిన్న పెనం, ఒక చిన్న మూకుడు వేరుగా ఉంచి, ఏయే వంటకాలు అలా చేయగలరో మెనూలో రాస్తే చాలు. మెనూ అంతా అక్కర్లేదు. నాలుగు వంటకాలు నమ్మకంగా ఉంటే మేము కుటుంబాలతో సహా వస్తాం.

ఉగాది విందుకు బియ్యప్పిండి ఇంగువ, విడి మూకుడు, గరిటెలు నేను తెస్తాను. చీటీలూ నేనే రాస్తాను. వంటశాలలోకి పొద్దున్నే రావడానికి అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
సీలియాక్ ఉన్న ఒక అమ్మాయి తల్లి,
లండన్, ఆంటారియో